ఆకెనెహి దుబ్బు

జూలై మూడో గురువారం మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో వైరోంగో ఏటి పడమటి ఒడ్డు ఒకచోట విరిగి నీళ్లలో పడింది. దానితో పాటు హురియా కుటుంబం నాలుగు తరాలుగా కాపాడుకుంటున్న నార దుబ్బులో చాలా భాగం కొట్టుకుపోయింది. మనుషులకు ఏమీ కాలేదు.

ఆ దుబ్బుకు పేరుంది. ఆకెనెహి. హురియా అమ్మమ్మ పేరది. పెళ్లయి ఈ ఏటికి వచ్చిన రోజున ఆమె మూడు హరకెకె పిలకలను తడి గోనెలో చుట్టి, గుర్రం మీద ఒళ్లో పెట్టుకుని పుట్టింటి నుంచి తెచ్చింది. ఒడ్డున నాటింది. ఆమె పోయాక జనం దుబ్బును ఆమె పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆకెనెహి దగ్గరికి వెళ్లొస్తానని ఎవరైనా అంటే ఆ ఇంట్లో శ్మశానం అనుకోరు, ఏరు అనుకుంటారు.

హరకెకె ఎక్కడైనా పెరుగుతుంది. రోడ్డు పక్క కాలవలోనూ పెరుగుతుంది. కత్తిలా నిలిచే ఆకు, మనిషిని మించిన ఎత్తు. బుట్టలకూ చాపలకూ ఏ ఆకైనా సరిపోతుంది. శాలువాకు సరిపోదు. శాలువా నేయాలంటే ఆకును ఆల్చిప్పతో గీకి నార తీయాలి. మామూలు ఆకును గీకితే పచ్చని గుజ్జు నారను పట్టుకుని వదలదు, నార తెగుతుంది. ఆకెనెహి ఆకు మీద చిప్ప ఒక్కసారి నడిస్తే గుజ్జంతా ఊడి, మొదలు నుంచి కొస దాకా తెల్ల నార మిగులుతుంది. హురియాకు డెబ్భై ఆరేళ్లు. నేత నేర్చిన నాటి నుంచి ఆ నారతోనే నేస్తోంది.

ఆమె గతంలో మూడిళ్లకు ఆకెనెహి పిలకలు ఇచ్చింది. మూడు చోట్లా ఆకు పసుపెక్కి, మొదలు కుళ్లి చచ్చాయి. ఆ తెగులుకు మందు లేదు. ఒడ్డు మీద ఉన్నదే ఆఖరిది. అది పోతే ఆ నార ఇంకెక్కడా దొరకదని ఇంట్లో అందరికీ తెలుసు.

జూన్‌లో వచ్చిన వరదకు, పై కొండల్లో నరికి వదిలేసిన పైన్ దుంగలు కిందికి కొట్టుకొచ్చి ఒడ్డును గుద్దాయి. అంతకుముందు దుబ్బుకూ ఏటికీ మధ్య బండి తిప్పుకునేంత చోటు ఉండేది. వరద తగ్గాక బారెడు మిగిలింది. ఆదివారం చర్చి అయ్యాక, పంది ఎముకలూ ఆకుకూరా కలిపి ఉడికించిన కుండ చుట్టూ కూర్చుని కుటుంబం మాట్లాడుకుంది. దుబ్బును విడదీసి, మరాయె సభామందిరం వెనక మెరక మీద నాటాలని తేల్చారు. గురువారం అనుకున్నారు. ఆ రోజు రావిరి నడిపే మట్టి తవ్వే యంత్రం, డిగ్గర్, ఖాళీగా ఉంటుంది.

రావిరి హురియా తమ్ముడి అల్లుడు. పడమటి తీరం వాడు, కాలవలు తవ్వే పని చేస్తాడు. అతని భార్య పిరిహిరా మేనత్త దగ్గరే నేత నేర్చుకుంది. నాలుగేళ్ల కింద హురియా మోకాళ్లు పట్టేసి ఏటికి దిగడం మానేసింది. అప్పటి నుంచి ఆకు కోసి ఇంటికి తెచ్చేది పిరిహిరా.

బుధవారం సాయంత్రం రేడియోలో మర్నాడు మధ్యాహ్నానికి వాన అని చెప్పారు. కొండల్లో ఇంకా ముందే పడుతుందన్నారు.

హరకెకె మీద వానలో కత్తి పెట్టరు. చీకట్లోనూ పెట్టరు. నడుమ మొవ్వునూ దానికి చెరోపక్క ఉన్న ఆకులనూ ఏ కాలంలోనూ నారకు కోయరు. మొవ్వు బిడ్డ, ఆ రెండూ తల్లీ తండ్రీ. బయటి ఆకులు తాతలు, కోసేది వాళ్లనే. వానలో ఎందుకు కోయకూడదంటే కోసిన చోట నీళ్లు దిగి మొదలు కుళ్లుతుందని కొందరు చెబుతారు. హురియా కారణం చెప్పదు. పెద్దవాళ్లు వద్దన్నారు, వద్దు అంటుంది.

రావిరికి ఈ కట్టుబాటు తెలుసు. అతని తల్లి కూడా నేత నేసేది. అందుకే గురువారం తెల్లవారగానే, మిగతావాళ్లు ఇంకా టీ తాగుతుండగా, ఒక్కడే ఒడ్డుకు దిగాడు. ప్రార్థన చెప్పుకున్నాడు. తెగులు అంటకుండా కత్తిని మరిగే నీళ్లలో ముంచి తెచ్చుకున్నాడు. దుబ్బు చుట్టూ తిరిగి ప్రతి పిలకనూ మోకాలెత్తున కోశాడు, మొవ్వు దగ్గర ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా. మొక్కను వేరే చోటికి మార్చేముందు అలాగే కోస్తారు. వేళ్లు తెగిన మొక్క పొడుగాకులను మోయలేదు. కోసిన ఆకులను కట్టలు కట్టి కంచె పక్కన పేర్చాడు. వాన రాకముందే కత్తి పని ముగించాడు. కోతలో తప్పేమీ లేదని తర్వాత హురియాయే చెప్పింది.

ఎనిమిది దాటాక పికప్ బండి వచ్చింది. హురియా తమ్ముడు హోవాని నడుపుతున్నాడు. పక్కన హురియా, వెనక పారలూ గోనెలతో పిరిహిరా. హురియా కర్ర ఊతంతో దిగి కంచె దాకా వచ్చి ఆగింది.

"ఎవరు కోశారు?" అంది.

"నేనే ఆంటీ," అన్నాడు రావిరి. "వానొస్తే మీరు కత్తి ముట్టనివ్వరు గదా. ముందే కానిచ్చేస్తే ఓ పనైపోద్దని."

"అన్నీ కోశావా?"

"అన్నీ."

"ఏది ఏదో చూసుకున్నావా?"

"ఏది ఏదంటే?"

సంగతి హోవాని చెప్పాడు. అక్కడున్నది ఒక దుబ్బు కాదు, రెండు. నలభై ఏళ్ల కింద అతని భార్య బుట్టల కోసమని ముతక రకం తెచ్చి ఆకెనెహి పక్కనే నాటింది. రెండూ పెరిగి ఒకదాంట్లోకి ఒకటి పాకాయి. ఆకెనెహి ఆకు కొస కిందికి వంగుతుంది. ముతకది నిటారుగా నిలుస్తుంది. ఆకు నిండుగా ఉంటే కంచె దగ్గర నిలబడినా తేడా కనబడుతుంది. మోకాలెత్తున కోశాక కనబడదు. అంచు రంగు ఒకటే, మొదలు తీరు ఒకటే. ఈ సంగతి రావిరికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పుట్టినవాళ్లందరికీ తెలిసిందే గనక చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"మీ పడమటి కొండకెప్పుడూ మబ్బేగా అల్లుడూ," అన్నాడు హోవాని. "వచ్చేటప్పుడు నువ్వూ కాస్త నెత్తినేసుకొచ్చావు."

మామూలు రోజుల్లో ఈ మాటకు రావిరి దగ్గర బదులుంటుంది. ఆ రోజు మాత్రం కట్టల దగ్గరికి వెళ్లి ఒకటి విప్పి చూశాడు. కొస వంగినవీ నిటారువీ కలిసిపోయి ఉన్నాయి. మళ్లీ కట్టేశాడు.

మొత్తం దుబ్బును ఎత్తగలిగితే ఈ గొడవ లేదు. ఎత్తే వీలు లేదు. జూన్ వరద తర్వాత ఒడ్డు మీద ఏటి వెంబడి ఒక బీట పడింది. అది దుబ్బు నడుమ నుంచి పోతుంది. బీటకు ఇవతల, కొండవైపు సగాన్ని డిగ్గర్ తోడేయగలదు. అవతలి సగం మీదికి డిగ్గర్ వెళ్తే ఒడ్డు ఆగదు. అక్కడ అంచున నిలబడి చేతులతో తీయాలి. ఎగువన ఉండే బంధువు ఒకడు అప్పుడే హోవానికి ఫోన్ చేశాడు. అక్కడ వాన మొదలైందట, ఏరు ఎర్రబడిందట. ఒక సగానికే వేళ ఉంది. ఆకెనెహి ఏ సగంలో ఉందో తేలాలి.

హురియా కర్ర ఎత్తి కొండవైపు చూపింది. మరదలు పిలకలు పట్టుకుని వచ్చిన రోజున ఏటివైపు నాటుకోమని తానే చెప్పానంది. ఎప్పుడైనా నీళ్లు తీసుకుపోతే ముందు దానివే పోవాలని.

"ఆ మాట మా ఆవిడ చచ్చేదాకా మర్చిపోలా," అన్నాడు హోవాని.

పిరిహిరా చేతిలోని గడ్డపార కంచెకు ఆనించి మేనత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొండవైపు కాదు ఆంటీ. ఏటివైపు."

"ఏటివైపు నాటింది మీ అమ్మ."

"నాటింది. ఆ పెద్ద తుఫాన్లో కొండవైపంతా ఒండ్రు పడింది గదా, నడుమెత్తున. నీది ఆ కింద చచ్చిపోయింది. ఒండ్రు లోంచి మళ్లీ లేచింది అమ్మది. ఏటివైపుకు పాకిన నీ పిలకలున్నాయే, అక్కడ నీళ్లు ఒండ్రు కడిగేశాయి. నీదంటూ బతికింది అక్కడే."

"ఎంత చచ్చింది?"

"సగం కంటే ఎక్కువ."

ఆ తుఫాను వచ్చి రెండేళ్లయింది. అప్పుడు హురియా పట్నం ఆస్పత్రిలో ఉంది. ఆ మాటే పిరిహిరా చెప్పింది.

"ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చా గదా," అంది హురియా.

ఆకు తెచ్చి ఒళ్లో పెట్టిన ప్రతిసారీ హురియా ఆకెనెహి ఎలా ఉందని అడిగేది. బాగుందని పిరిహిరా చెప్పేది. ఈసారి చెప్పేద్దామని ప్రతిసారీ అనుకున్నానని ఆమె ఆ తర్వాత అంది.

"రెండేళ్లు బాగుందన్నావు," అంది హురియా. "ఇప్పుడు చచ్చిందంటున్నావు. ఏ మాట నమ్మమంటావు?"

కొండవైపే తవ్వమంది. హోవాని కూతురి వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, టోపీ తీసి ప్రార్థన మొదలుపెట్టాడు. పెద్దావిడ మాట మీద మాట అనడం ఆ ఒడ్డున అలవాటు లేదు. పిరిహిరా కూడా తల వంచి నిలబడింది.

డిగ్గర్ పది గంటలకు ముందే పని మొదలుపెట్టింది. రావిరి డిగ్గర్ తొట్టి ఇనుప పళ్లను దుబ్బు మొదలుకు దూరంగా దించి, చుట్టూ కాలవ తీశాడు. దుబ్బు కింద ఒండ్రు గట్టిగా ఉంది. పాత వేళ్లు దాంట్లో ఇరుక్కున్నాయి. బీట దగ్గర రెండు సగాలను కలిపే దుంపలను పిరిహిరా పారతో తెంచింది. అప్పటికి వాన రాలేదు. తెంచిన ప్రతి దుంపనూ తిప్పి లోపలి రంగు చూసింది. తెగులుంటే గోధుమ రంగు తిరుగుతుంది. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఆమె పని చేసినంతసేపూ హురియా కంచె దగ్గర మడత కుర్చీలో కూర్చుని చూసింది. హోవాని వేయించిన రొట్టెలు తెచ్చాడు గానీ వాటిని బండిలోనే ఉంచాడు. హరకెకె దగ్గర తిండి పెట్టుకోరు.

పన్నెండు దాటాక కొండవైపు సగం నేల వదిలింది. మంచమంత గడ్డ. దాన్ని ట్రెయిలర్ మీద పెట్టి రావిరి తాడు వేయబోతుండగా మొదటి చినుకులు పడ్డాయి.

అప్పుడు హురియా లేచింది. ట్రెయిలర్ దగ్గరికి నడిచి, గడ్డ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. కోటు జేబులోంచి ఆల్చిప్ప తీసింది. అది ఎప్పుడూ ఆమె జేబులోనే ఉంటుంది. వాన పడుతోంది గనక కత్తి అడగలేదు. బయటి ఆకు మోడు ఒకదాన్ని చేత్తో పట్టి, మొదటికంటా కిందికి లాగి ఊడదీసింది. గోటితో చీల్చి, చీలికను వేళ్లకు చుట్టి, చిప్ప అంచు పెట్టి గీకింది. గుజ్జు కదల్లేదు. మళ్లీ గీకితే నార తెగింది.

గడ్డకు ఆ చివర ఇంకో మోడు ఊడదీసింది. అదీ అంతే. మూడోది నడుమ నుంచి తీసింది. గీకుతుంటే రావిరి పక్కన నిలబడి చూశాడు. పిరిహిరా చూడలేదు. ఏటి వైపు తిరిగి ఉంది.

హురియా మూడో చీలికను ట్రెయిలర్ చెక్క మీద పెట్టింది.

"దించెయ్," అంది.

"మొత్తమా ఆంటీ?"

"మొత్తం. నీ పెళ్లాం చెప్పింది చెయ్యి."

ట్రెయిలర్ మీది గడ్డను కంచె పక్కన దించడానికి కొంతసేపు పట్టింది. వాన పెరిగింది. ఏరు ఉదయం కన్నా మోచేతెత్తు లేచింది. పై నుంచి దుంగలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ఒకటి ఒడ్డుకు తగిలి తిరిగిపోయింది. తగిలినప్పుడు కాళ్ల కింద నేల కదిలిందని హోవాని చెప్పాడు. పొద్దున వెంట్రుకంత ఉన్న బీటలో ఇప్పుడు వేలు పడుతోంది.

ఏటివైపు సగంలో ఆకెనెహితో పాటు ముతక పిలకలూ ఉన్నాయి. ఎక్కడిది కోసేదో పిరిహిరా చూపించింది: అంచు వెంబడి, దిగువ మూల. అక్కడి దాకా దుంపలను అడ్డంగా తెంచితే ఆ మూలను విడిగా లాగవచ్చు. పిరిహిరా పార అందుకుంది.

"వానలోనా?" అంది హురియా.

పిరిహిరా పార దించలేదు. నేలకూ తగిలించలేదు.

"పార కూడా కత్తేనా ఆంటీ?" అని రావిరి అడిగాడు. ఎగతాళికి అడగలేదు.

హోవాని కల్పించుకున్నాడు. ఏరొస్తున్న సంగతి దేవుడికీ కనబడుతూనే ఉందన్నాడు. కావాలంటే తాను మళ్లీ ప్రార్థన చెబుతానన్నాడు. తప్పయితే తన మీద వేసుకుంటానన్నాడు.

హురియా ఏటి వైపు చూసింది. ఆ తర్వాత బీట వైపు చూసింది. ఎంతసేపన్నది వాళ్లు ఒకలా చెప్పరు. రావిరి చాలాసేపు అంటాడు. పిరిహిరా ఒక దుంగ పోయేంతసేపు అంటుంది.

"పార కత్తే," అంది హురియా. "గడ్డపార కాదు. గొలుసు కాదు. తెంచొద్దు, లాగండి."

పిరిహిరా పార కింద పడేసింది.

డిగ్గర్‌ను కంచె దాకా వెనక్కి నడిపారు. రావిరి దగ్గర దుంగలు లాగే గొలుసు ఉంది. దాన్ని ఆ మూల వెనక నుంచి, అంటే ఏటి అంచు వైపు నుంచి, మొదలు చుట్టూ తిప్పి తేవాలి. ఉత్త గొలుసు బిగిస్తే పిలకలు నలిగిపోతాయని పిరిహిరా అంది. రావిరి కంచె దగ్గర పేర్చిన ఆకు కట్టలు తెచ్చాడు. పొద్దున తను కోసినవే. గొలుసుకు మెత్తగా అవి వేద్దామన్నాడు. హురియా తల ఊపింది.

అతని నడుముకు మోకు కట్టారు. మోకును కంచె గుంజకు రెండు చుట్లు తిప్పి, కొసను పిరిహిరా పట్టుకుంది. ఆమె వెనక హోవాని. హురియా కుర్చీ వదిలేసి గుంజ పక్కనే నిలబడింది. బీట వెడల్పు ఎంతవుతోందో చెప్పడం ఆమె పని.

రావిరి బీట దాటి పొట్ట మీద పాకాడు. ఒక చేత్తో గొలుసు, చంకలో ఆకు కట్ట. మూల వెనక్కి చేరాక అతని తల మాత్రమే కనబడింది. మోకాళ్లలో ఒకటి ఒడ్డు మీద ఉంది, ఒకటి గాలిలో ఉంది. కట్టలను ఒక్కొక్కటే మొదలుకు ఆనించి పైన గొలుసు వేస్తున్నాడు. గడ్డపారతో దుంప కింద పొడిచి గొలుసును లోపలికి తోస్తున్నాడు. ఇంకో కట్ట కావాలని అరిచాడు. హోవాని విసిరాడు. అది అందక ఏట్లో పడింది. ఇంకోటి విసిరాడు.

"రెండు వేళ్లయింది," అంది హురియా.

ఒక దుంగ వచ్చి ఒడ్డును గుద్దింది. అంచు నుంచి మట్టి పెళ్లలు రాలాయి. మోకు బిగిసింది. పిరిహిరా మడమలు బురదలో జారాయి. మళ్లీ నిలదొక్కుకుంది.

"వచ్చెయ్," అంది పిరిహిరా.

"కొక్కెం పడలా ఇంకా."

"పడకపోతే పోనీ. వచ్చెయ్."

"కొంచెం ఆగవే."

"అరిచెయ్యంత," అంది హురియా. ఆ తర్వాత గొంతు పెంచింది. ఆ రోజు ఆమె గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "రావిరీ. అది మొక్క. నువ్వు రా."

గొలుసు కొక్కెం పడిన చప్పుడు కంచె దగ్గరికి వినిపించింది. రావిరి దుబ్బు మీదుగా ఇవతలికి పాకాడు. బీట దాటగానే లేచి డిగ్గర్ దగ్గరికి పరిగెత్తాడు. నడుముకు మోకు అలాగే ఉంది. విప్పుకునే వేళ లేక పిరిహిరా కొస వదిలేసింది.

డిగ్గర్ వెనక్కి లాగింది. గొలుసు బిగిసి, ఆకు కట్టలు నలిగి ముద్దయ్యాయి. మూల కదల్లేదు. రావిరి వదులు చేసి మళ్లీ లాగాడు. దుంపలు తెగుతున్న శబ్దం వాన చప్పుడులోనూ వినిపించిందని కంచె దగ్గరున్న ముగ్గురూ చెప్పారు. మూడోసారి లాగినప్పుడు దుబ్బులో ఒక ముక్క ఊడి, బీట మీదుగా దొర్లి గడ్డిలో తలకిందులుగా పడింది. కొండవైపు సగంలో నాలుగో వంతు కూడా ఉండదు.

రావిరి గొలుసు విప్పి రెండో ముక్క కోసం వెళ్లబోయాడు. హురియా కర్ర అడ్డం పెట్టింది. అతను కర్ర దాటలేదు. కర్ర ఇంకా అలా ఉండగానే ఒడ్డు విరిగింది. బీట పొడుగునా ఒకేసారి విరిగింది. మిగిలిన దుబ్బు నిలబడిన తీరునే కొంతదూరం నీళ్ల మీద పోయింది. వంపు దగ్గర దుంగల మధ్య చిక్కుకుని తిరగబడింది. ఆ తర్వాత కనబడలేదు.

కాసేపటికి హురియా గడ్డిలో పడ్డ ముక్క దగ్గరికి వెళ్లింది. మోకాళ్లు వంగక కూర్చోలేకపోయింది. ఆల్చిప్ప తీసి పిరిహిరాకు ఇచ్చింది.

"నువ్వు గీకు."

పిరిహిరా ఒక మోడు ఊడదీసి, చీల్చి, గీకింది. గుజ్జు ఒక్క ఊపున ఊడింది. నార తెల్లగా వచ్చింది. ఆమె దాన్ని మేనత్త చేతిలో పెట్టింది. హురియా నారను వేలికి చుట్టుకుని, విప్పి, జేబులో వేసుకుంది.

ఆ ముక్కను విడదీయాలంటే కత్తి కావాలి. వాన ఆగాలి. దాన్ని హురియా ఇంటి వెనక కొట్టంలో తడి గోనెల కింద పెట్టారు. శుక్రవారం వాన పడింది. శనివారం పడింది. అలా ఉంచితే మొదలు ఉక్కపోసి కుళ్లుతుందని పిరిహిరా భయపడింది. రోజూ గోనెలు ఎత్తి వాసన చూసింది. శనివారం సాయంత్రం పుల్ల వాసన వస్తోందని భర్తతో చెప్పింది. హురియాతో చెప్పడానికి కొట్టం నుంచి నేరుగా వెళ్లింది. తడి బూట్లతోనే వంటింట్లోకి వచ్చిందని హురియా అంది. విని, ఎంతమేర వస్తోందని అడిగింది. ఒక పక్కనే అని పిరిహిరా చెప్పింది. ఆ రాత్రంతా కొట్టం తలుపు తెరిచి ఉంచమని హురియా చెప్పింది.

ఆదివారం పొద్దున వాన లేదు. నలుగురూ ఆ వారం చర్చికి వెళ్లలేదు. కొట్టం ముందు చెక్క వేసి దాని మీద గడ్డను పెట్టారు. హోవాని ప్రార్థన చెప్పాడు. రావిరి పార అంచును మంట మీద కాల్చి, చల్లార్చి, పిరిహిరాకు ఇచ్చాడు. ఆమె మొదటి వేటు పుల్ల వాసన వచ్చిన పక్కనే వేసింది. లోపల గోధుమ రంగు ఉంది.

గురువారం తెంచిన దుంపలన్నీ తెల్లగా ఉన్నాయి. కానీ అవి ముతకవాటివి.

రెండో వేటుకు ముందు రావిరి పారను మళ్లీ కాల్చాడు. ఈసారి తెలుపు. మూడోదీ తెలుపు. అలా ప్రతి వేటుకూ పార కాలుస్తూ, చల్లారుస్తూ మధ్యాహ్నం దాకా విడదీశారు. పన్నెండు ముక్కలు వచ్చాయి. మూడింటిలో గోధుమ రంగు ఉంది. వాటిని రావిరి కొట్టం వెనక కాల్చాడు. తొమ్మిదింటిని మరాయె వెనక మెరక మీద నాటారు. గుంటలు పెద్దవిగా తీశారు, దూరం దూరంగా తీశారు. మట్టి కప్పి తొక్కుతుండగా హురియా పిరిహిరాను ఒక మాట అడిగింది.

"నాకు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

"లేదు ఆంటీ."

"ఉంటే చెప్పు. చచ్చిందంటే చచ్చిందని చెప్పు. నేనేం చావను."

"ఆ మాట రాసివ్వు అక్కా," అన్నాడు హోవాని.

కంచె పక్క దించిన ముతక గడ్డను ఆ వారంలోనే రావిరి తన పొలం కాలవ వెంబడి నాటాడు. అతనికి ఆ పని ఎవరూ చెప్పలేదు. అది మొత్తం నాటుకుంది.

మెరక మీద నాటిన వాటిలో రెండు సెప్టెంబరులో ఎండిపోయాయి. ఒకదాని ఆకు నవంబరులో పసుపెక్కింది. పిరిహిరా అదే రోజు హురియాకు చెప్పింది. దాన్ని తవ్వి, కాల్చి, గుంటలో సున్నం పోశారు. మిగిలిన ఆరూ డిసెంబరులో మొదలైన వేసవికి మొవ్వు వేశాయి. మూడేళ్ల దాకా వాటి ఆకు కోయరు.

మార్చి చివర హురియాను పికప్ బండిలో మెరక దాకా తీసుకువెళ్లారు. అప్పటికి ఆకులు ఛాతీ ఎత్తుకు వచ్చాయి. ఆమె కర్ర ఊతంతో ఒక్కో మొక్క దగ్గరికీ వెళ్లి నిలబడింది. ఐదింటి ఆకు కొసలు కిందికి వంగి ఉన్నాయి. ఆరోది ముతకదానిలా నిటారుగా ఉంది.